నలభై అయిదు దాటాక ఏ సవాలు? హాఫ్ మారథాన్, సైకిల్, హిమాలయం, తిరుమల మెట్లు, బరువులు – ఎవరికి ఏది

పిల్లలు ఇంటర్‌కో ఇంజనీరింగ్‌కో వచ్చేశారు. ఇంటి లోన్ సగం తీరింది. హెల్త్ చెకప్ రిపోర్టులో రెండు మూడు అంకెల పక్కన ఎర్ర గుర్తులు పడ్డాయి. ఈ దశలో చాలామందికి "ఏదో ఒకటి గట్టిగా చెయ్యాలి" అనిపిస్తుంది. ఒక స్నేహితుడు హాఫ్ మారథాన్ మెడల్ ఫొటో పెడతాడు, ఇంకొకరు మంచు కొండ మీద జెండా పట్టుకుని నిలబడతారు, ఆఫీసులో మరొకరు సైకిల్ మీద రెండువందల కిలోమీటర్లు వెళ్ళొచ్చానంటారు. అన్నీ బాగానే కనిపిస్తాయి. ఎటు వెళ్ళాలో మాత్రం తేలదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పరుగు పందెం రెండున్నర, మూడు గంటల్లో అయిపోతుంది. ట్రెక్ వారంలో ముగుస్తుంది. వాటికి ముందు నాలుగైదు నెలల తయారీ ఉంటుంది, మీరు నిజంగా బతకాల్సింది ఆ నెలల్లోనే. కాబట్టి ఫొటో చూసి కాదు, తయారీ చూసి ఎంచుకోండి. ఏ తయారీ మీ ఉద్యోగంలో, మీ ఇంట్లో, మీ మోకాళ్ళకు ఇముడుతుందో అదే మీ సవాలు. ఈ వయసులో ఆరంభ శూరత్వానికి అసలు మూల్యం గాయం. పాతికేళ్ళప్పుడు రెండు వారాల్లో మానే పిక్క నొప్పి ఇప్పుడు మూడు నెలలు కూర్చోబెడుతుంది.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

గుండె, షుగర్, బీపీ. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10 కోట్లకు పైగా మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. ఉందని తెలియకుండా తిరుగుతున్నవాళ్ళు మన చుట్టూనే ఉంటారు. బయటికి సన్నగా కనిపించినా పొట్ట దగ్గర కొవ్వు చేరడం మన దేశస్తుల్లో ఎక్కువ. అందుకే నడుము కొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే జాగ్రత్త పడమంటారు. బరువు మెషీన్ కన్నా ముందు టేపు తీయండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్), బీపీ, ఈసీజీ చూపించుకుని, ఏ సవాలు అనుకుంటున్నారో డాక్టరుకు చెప్పండి. ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళు ఉన్నా, సిగరెట్ అలవాటున్నా, షుగర్ పాతదైనా ట్రెడ్‌మిల్ పరీక్ష గురించి మీరే అడగండి.

ఒక మాట నొక్కి చెప్పాలి. మెట్లెక్కుతుంటే ఛాతీలో మంటో బరువో మొదలై, ఆగితే తగ్గిపోతుంటే దాన్ని "గ్యాస్" అనుకుని జెలూసిల్ తాగి ఊరుకోవద్దు. దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఇదివరకు లేని ఆయాసం, కళ్ళు తిరగడం, ఇవి కూడా అంతే. కష్టపడితే వచ్చి, ఆగితే పోయే అసౌకర్యానికి గుండె పరీక్ష అయ్యేదాకా ఏ సవాలూ మొదలుపెట్టకండి. బాడ్మింటన్ ఆడుతూ, జిమ్‌లో కసరత్తు చేస్తూ కుప్పకూలిన మధ్యవయసువాళ్ళ వార్తలు మన హైదరాబాద్ నుంచే వింటున్నాం.

కాళ్ళ బలం. ఇంట్లోనే తెలుసుకోవచ్చు. చేతుల్లేని డైనింగ్ కుర్చీని గోడకు ఆనించి కూర్చోండి. చేతులు రెండూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ళ మగవాళ్ళు 14 కన్నా, ఆడవాళ్ళు 12 కన్నా తక్కువ చేస్తే బలం తగ్గినట్టు లెక్క. అంతకన్నా చిన్న వయసులో మీరు ఆ అంకె దగ్గరే ఆయాసపడుతున్నారంటే ముందు చెయ్యాల్సింది పరుగు కాదు, కాళ్ళకు బలం తెచ్చుకోవడం.

నిద్ర వేళలు. హైదరాబాద్‌లో ఆరుబయట సాధన అంటే ఏడాదిలో చాలా నెలలు తెల్లవారుజామునే. ఏప్రిల్, మే నెలల్లో ఏడు దాటితే ఎండ చురుక్కుమంటుంది. రాత్రి పదకొండు దాకా అమెరికా కాల్స్ ఉన్న మనిషి పొద్దున్నే నాలుగున్నరకు లేచి పరుగెత్తడం ఒక వారం గొప్పగా ఉంటుంది, ఆ తర్వాత జలుబు, చిరాకు, పిక్కలు పట్టెయ్యడం. మీ పడుకునే వేళ మారదనుకుంటే సాయంత్రం చేసుకోగలిగినదాన్నే ఎంచుకోండి.

ఇంట్లోవాళ్ళు. ఆదివారం పొద్దున నాలుగు గంటలు మీరు కనిపించకపోతే ఆ టిఫిన్ పని, ఆ కూరగాయల పని ఎవరి మీద పడుతుంది? ఇది ముందే మాట్లాడుకోవాలి. భార్యాభర్తలిద్దరూ కలిసి చేసే సవాలైతే ఇంట్లో గొడవే ఉండదు. ఈ ఒక్క కారణానికే నేను చాలామందికి ట్రెక్కో తిరుమల మెట్లో సూచిస్తాను.

ఇక పట్టిక. ఇందులోని గంటలు, నెలలు ఇప్పటికే రోజూ అరగంట నడిచే అలవాటున్నవాళ్ళకు. అసలేమీ చెయ్యనివాళ్ళు ప్రతిదానికీ ముందు రెండు నెలల నడక కలుపుకోండి.

| సవాలు | వారానికి సమయం | తయారీ | కీళ్ళ మీద భారం | ఖర్చు |
|---|---|---|---|---|
| 10 కి.మీ. పరుగు | 3–4 గంటలు | 3–4 నెలలు | మధ్యస్థం | తక్కువ |
| హాఫ్ మారథాన్ | 5–6 గంటలు | 10 కి.మీ. వచ్చాక ఇంకో 4–5 నెలలు | ఎక్కువ | తక్కువ |
| 200 కి.మీ. సైకిల్ | 7–9 గంటలు | 5–6 నెలలు | మోకాళ్ళకు తక్కువ, మెడకు నడుముకు ఎక్కువ | ఎక్కువ |
| హిమాలయ ట్రెక్ | 4–6 గంటలు | 4 నెలలు | దిగేటప్పుడు ఎక్కువ | ఎక్కువ |
| తిరుమల మెట్లు, అరుణాచల ప్రదక్షిణ | 3 గంటలు | 2–3 నెలలు | మధ్యస్థం | తక్కువ |
| బరువులు | 2–3 గంటలు | తేడా తెలియడానికి 3 నెలలు | పద్ధతిగా చేస్తే తక్కువ | మధ్యస్థం |

## హాఫ్ మారథాన్: అందరూ అడిగేది, అందరికీ కానిది

21.1 కిలోమీటర్లు. మన ఊళ్ళో పరుగంటే ముందు గుర్తొచ్చేది ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్. దానికి దేశంలోని పరుగువాళ్ళ మధ్య ఒక పేరుంది. నెక్లెస్ రోడ్డు పక్కన హుస్సేన్ సాగర్ గాలిలో మొదలైన పరుగు గచ్చిబౌలి వైపు వచ్చేసరికి ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు ఒకదాని తర్వాత ఒకటి ఎదురవుతాయి. పైగా వానాకాలపు ఉక్క. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, చదును రోడ్డు మీద తేలిగ్గా వచ్చే వేగం ఇక్కడ రాదు. ముంబయిలో జనవరిలో పరుగెత్తిన మిత్రుడి టైమింగ్‌తో పోల్చుకోకండి.

ఇంకో సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఆగస్టు పరుగుకు తయారీ అంటే ఏప్రిల్, మే, జూన్. నగరం మాడిపోయే నెలల్లో మీ దూరం పెరుగుతూ పోవాలి. కాబట్టి తొలి ప్రయత్నానికి నేను ఆగస్టును సూచించను. జులైలో మొదలుపెట్టి నవంబర్, డిసెంబర్‌లో ఒక 10 కిలోమీటర్ల పరుగు పూర్తి చేసి, ఆ చలికాలం దాటాక హాఫ్ గురించి ఆలోచించండి.

మధ్యవయసు పరుగులో అసలు కిటుకు ఇది: ఊపిరి, గుండె కొన్ని వారాల్లోనే మెరుగవుతాయి. పిక్కను మడమకు కలిపే అకిలిస్ లాంటి స్నాయువులు, పాదం కింది గట్టి పొర, ఎముకలు నెలల తరబడి సమయం తీసుకుంటాయి. ఆరో వారానికి ఆయాసం తగ్గుతుంది, "ఇంకా వెళ్ళగలను" అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే మడమ నొప్పి మొదలవుతుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసినప్పుడు మడమ కింద మేకు గుచ్చినట్టుంటే అది పాదం అడుగు పొర ఇస్తున్న హెచ్చరిక. ఆ వారం దూరం తగ్గించండి, పిక్కలు సాగదియ్యండి, ఇంట్లో గ్రానైట్ నేల మీద ఉత్త కాళ్ళతో తిరగడం మానండి.

పరుగు-నడక పద్ధతి ఈ వయసుకు చక్కగా సరిపోతుంది. మూడు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, మొదటి నుంచి చివరిదాకా ఇదే వరస. అలిసిపోయాక నడవడం కాదు, అలసట రాకముందే నడవడం. పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగమే మీ సాధన వేగం. వారంలో మూడు పరుగులు చాలు, అందులో ఒకటి కాస్త పొడవుది.

"మోకాళ్ళు అరిగిపోతాయి" అని ఇంట్లో పెద్దవాళ్ళు భయపెడతారు. ఆరోగ్యం కోసం మితంగా పరుగెత్తేవాళ్ళలో మోకాళ్ళ అరుగుదల కూర్చుని ఉండేవాళ్ళ కన్నా ఎక్కువగా ఏమీ కనబడలేదు. కానీ ఇప్పటికే మోకాలు వాచేవాళ్ళు, పాత లిగమెంట్ గాయం ఉన్నవాళ్ళు, బరువు బాగా ఎక్కువున్నవాళ్ళు సైకిల్‌తోనో ఈతతోనో మొదలుపెట్టి, బరువు తగ్గాక పరుగుకు రావడం మేలు.

సాధనకు చోటు విషయానికొస్తే, జూబ్లీహిల్స్ వైపువాళ్ళకు కేబీఆర్ పార్కు చుట్టూ దారి ఉంది, తార్నాక వైపువాళ్ళకు ఉస్మానియా క్యాంపస్ చెట్ల నీడ ఉంది, కొండాపూర్ వైపు బొటానికల్ గార్డెన్. మామూలు కాలనీ రోడ్ల మీద తెల్లవారుజామున వీధికుక్కల బెడద నిజం. ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. ఆడవాళ్ళకైతే ఈ తోడు ఇంకా అవసరం. ఊళ్ళో దాదాపు ప్రతి ప్రాంతంలో రన్నింగ్ గ్రూపులు ఉన్నాయి, కొత్తవాళ్ళను బాగానే కలుపుకుంటాయి.

## సైకిల్ మీద 200 కిలోమీటర్లు: మోకాలికి మంచిది, కుటుంబానికి భారం

దీన్ని బ్రెవే అంటారు. పందెం కాదు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి, మధ్యలో చెక్‌పోస్టుల దగ్గర ఆగి సంతకమో రసీదో తీసుకోవాలి. తర్వాత 300 కి 20 గంటలు, 400 కి 27, 600 కి 40. నాలుగూ ఒకే సీజన్‌లో చేసినవాళ్ళను సూపర్ రాండన్యూర్ అంటారు. మన ఊళ్ళో హైదరాబాద్ రాండన్యూర్స్ వీటిని నడుపుతారు.

లెక్క వేస్తే ఆగిన సమయం కలిపి గంటకు 15 కిలోమీటర్లు కూడా అవసరం లేదు. అందుకే ఇది యాభైలో ఉన్నవాళ్ళకు కూడా అందుతుంది. ఓపికగా, నిదానంగా తొక్కేవాళ్ళు ఇక్కడ బాగా రాణిస్తారు. శరీరం బరువును సీటు మోస్తుంది కాబట్టి మోకాళ్ళ మీద దెబ్బ తక్కువ. షుగర్ ఉన్నవాళ్ళకు ఇంత సేపు స్థిరంగా సాగే వ్యాయామం చాలా ఉపయోగపడుతుంది.

సీటు ఎత్తు ఒక్కటి సరి చేసుకుంటే సగం మోకాళ్ళ నొప్పులు రావు. గోడ పట్టుకుని సైకిల్ ఎక్కండి. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మీ మడమను దాని మీద పెట్టండి. మోకాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కాస్త వంగుతుంది, కావాల్సింది అదే. మన ఊళ్ళో రోడ్ల మీద చూడండి, పెద్దవాళ్ళలో చాలామంది కాలు నేలకు ఆనాలని సీటు బాగా దించుకుని తొక్కుతుంటారు. మోకాలి చిప్ప ముందు నొప్పి వచ్చేది అలాగే.

హైదరాబాద్‌లో దీనికి ఒక గొప్ప సౌకర్యం వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్‌లో మొదలైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు వైపు పద్నాలుగున్నర. కార్ల భయం లేదు, నెత్తిన ఎండ లేదు. నాలుగు నెలల దాకా అక్కడే సాధన చేసుకోవచ్చు. అసలు చిక్కు ఏమిటంటే, బ్రెవే మాత్రం హైవే మీదే. చీకట్లో లారీల పక్కన తొక్కాలి. హెల్మెట్, ముందు వెనక లైట్లు, మెరిసే జాకెట్ లేకుండా దిగనివ్వరు. లారీల పక్కన తొక్కాలంటే మీకు టెన్షన్ అయితే ఆ భయాన్ని చిన్నబుచ్చుకోకండి. ట్రాక్ మీదే వంద కిలోమీటర్లు పూర్తి చెయ్యడాన్ని మీ సవాలుగా పెట్టుకోండి, శరీరానికి దక్కేది దాదాపు అంతే.

రెండు లోపాలున్నాయి. ఒకటి, సమయం. వారాంతం పొడవు రైడ్ నాలుగైదు గంటలు తీసుకుంటుంది, ఇంటికొచ్చాక మధ్యాహ్నం నిద్ర. రెండోది, ఎముకలు. సైకిల్ తొక్కితే ఎముకల మీద బరువు పడదు కాబట్టి అవి గట్టిపడవు. మెనోపాజ్ దగ్గరలో ఉన్న ఆడవాళ్ళు సైకిల్ ఒక్కటే నమ్ముకోకూడదు.

## హిమాలయ ట్రెక్: భార్యాభర్తలకు నా మొదటి సలహా

భువనగిరి అందరికీ తెలిసిన ఊరే. అక్కడి ఏకశిల కోట దగ్గరున్న రాక్ క్లైంబింగ్ స్కూల్లో తొలి పాఠాలు నేర్చుకున్న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ళు. మన దక్కన్ బండల మీద సాధన చేసి మంచు కొండలు ఎక్కవచ్చనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మనకు ఎవరెస్ట్ అక్కర్లేదు. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ శిఖరం 12,500 అడుగులు, హిమాచల్‌లో హంప్టా పాస్ సుమారు 14,000 అడుగులు. మొదటిసారికి కేదార్‌కంఠ లాంటిది చాలు. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364 మీటర్లు, దానికి ఇంకా ఎక్కువ రోజులు, ఎక్కువ జాగ్రత్త కావాలి. దాన్ని రెండో మూడో ట్రెక్‌గా పెట్టుకోండి.

ఇక్కడ ఫిట్‌నెస్‌కు లొంగని శత్రువు ఎత్తు. హైదరాబాద్ సముద్రమట్టానికి ఐదొందల మీటర్లకు కాస్త పైన ఉంది. ఇక్కడ ఎంత పరుగెత్తినా ఎత్తుకు శరీరం అలవాటు పడదు. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవ్వచ్చు. రోజూ వ్యాయామం చేసే కుర్రాడికి వచ్చి, పక్కనున్న యాభై ఏళ్ళ మనిషికి రాకపోవచ్చు. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ పడుకునే ఎత్తులో 500 మీటర్లకు మించి తేడా ఉండకూడదనేది మంచి నియమం. ట్రెక్ కంపెనీని ఎంచుకునేటప్పుడు ధర కన్నా ముందు వాళ్ళ రోజువారీ ప్రణాళికలో ఈ లెక్క చూడండి. ఆక్సిజన్ సిలిండర్ ఉందా, కిందికి దించే ఏర్పాటు ఏమిటి అని అడగండి. బీపీ ఉన్నవాళ్ళకు ఎత్తు మీద అది ఇంకా పెరగవచ్చు, మందుల మోతాదు గురించి డాక్టరుతో ముందే మాట్లాడాలి. ఎత్తు వల్ల వచ్చే ఈ ఇబ్బందులకు వాడే డయామాక్స్ మాత్ర కూడా ఎవరో చెప్పారని కొనుక్కుని వేసుకునేది కాదు.

తయారీ మాత్రం ఊళ్ళో హాయిగా జరుగుతుంది. మౌలాలి గుట్టకు అయిదువందల దాకా మెట్లు. గోల్కొండలో బాలాహిసార్ దాకా మూడొందల అరవై. అంత దూరం ఎందుకనుకుంటే అపార్ట్‌మెంట్ మెట్లే. పది అంతస్తులు పదిసార్లు ఎక్కితే దాదాపు 300 మీటర్ల ఎత్తు ఎక్కినట్టు. వీపు సంచిలో రెండు లీటర్ల నీళ్ళ సీసాలు రెండు పెట్టుకుని మొదలుపెట్టి, నెమ్మదిగా ఆరేడు కిలోలకు పెంచండి.

దిగేటప్పుడు లిఫ్ట్ ఎక్కకండి. ట్రెక్‌లో తొడలను పిండేసేది దిగడమే. ఎక్కేటప్పుడు కండరం కుదించుకుంటూ పని చేస్తుంది, దిగేటప్పుడు సాగుతూ బరువును ఆపుతుంది. ఆ రెండో పని అలవాటు లేని తొడలు మర్నాడు కమోడ్ మీద కూర్చోనివ్వవు. మెట్టు దిగేటప్పుడు పాదం మొత్తం ఆనించి, మోకాలు కాస్త వంచి, చప్పుడు కాకుండా దిగడం సాధన చెయ్యండి. ధన్ ధన్‌మని చప్పుడొస్తుంటే ఆ దెబ్బ మోకాలి మీద పడుతోందన్నమాట. ట్రెక్కింగ్ కర్రలు రెండు కొనుక్కోండి, ముసలితనం అనుకోకండి.

ఖర్చు తక్కువేమీ కాదు. ట్రెక్ రుసుము, విమానం లేదా రైలు, బూట్లు, చలి బట్టలు, అన్నీ కలిపితే మనిషికి నలభై, యాభై వేలు దాటుతుంది. వారం పైన సెలవు కావాలి. కానీ నెలల తరబడి ఇద్దరూ కలిసి మెట్లు ఎక్కుతారు, ఎవరి మీదా ఇంటి పని విడిగా పడదు. వేగంతో పని లేదు కాబట్టి ఒకరు కాస్త నెమ్మదైనా ఇబ్బంది లేదు. ఈ వయసులో దంపతులకు ఇంత బాగా అమరే సవాలు నాకు ఇంకొకటి కనబడదు.

## తిరుమల మెట్లు, అరుణాచలం

దీన్ని చిన్నచూపు చూడకండి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. గాలిగోపురం దాకా నిటారు ఎక్కుడు, తర్వాత కొంత చదును, ఇక అయిపోయింది అనుకునే చోట మోకాళ్ళ మిట్ట. శ్రీవారి మెట్టు దారి రెండు కిలోమీటర్లకు కాస్త పైన, కానీ 2,388 మెట్లు, ఊపిరి తిప్పుకునే చదును తక్కువ. తిరువణ్ణామలైలో గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లు, చదును రోడ్డు.

దీని బలం మొక్కు. మెడల్ కోసం మొదలుపెట్టిన సాధన మధ్యలో మానేసినవాళ్ళను చూశాను, వెంకన్నకు మొక్కుకున్న నడక మానేసినవాళ్ళు నాకు తెలిసి తక్కువ. మా అపార్ట్‌మెంట్‌లో ఒక అక్క రోజూ సాయంత్రం మెట్లు ఎక్కుతూ కనిపిస్తే, "ఏంటక్కా, లిఫ్ట్ పాడైందా?" అని అడిగాను. "లేదమ్మా, కొండకి నడిచి వస్తానని అనుకున్నా" అంది. ఎన్నడూ వ్యాయామం అనే మాట ఎత్తని మనిషి ఆమె.

ఒకే ఒక్క హెచ్చరిక. షుగర్ పాతదై, పాదాల్లో తిమ్మిరో స్పర్శ తగ్గడమో ఉన్నవాళ్ళు చెప్పుల్లేకుండా నడవకండి. రాయి గీసినా, వేడికి బొబ్బ లేచినా తెలియదు. ఆ పుండు మానకపోతే కాలికే ముప్పు. గుడి దారి అని మొహమాటపడకుండా కనీసం మందపాటి సాక్సులు వేసుకోండి, ప్రదక్షిణ అయితే ఎండవేళ వద్దు, గదికి రాగానే అరికాళ్ళు అద్దంలో చూసుకోండి. నడక బూట్లే వేసుకోవాలని డాక్టరు చెబితే బూట్లే వేసుకోండి.

## బరువులు: ఎవరూ ఫొటో పెట్టరు, అందరికీ కావాలి

ముప్పై దాటాక ఏమీ చెయ్యకపోతే పదేళ్ళకు 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతుందని అంచనా. అరవై దాటాక ఆ జారుడు ఇంకా వేగం. తిన్న అన్నంలోని చక్కెరను దాచుకునే పెద్ద గిడ్డంగి ఈ కండే. అది చిన్నదైతే షుగర్ అదుపు తప్పడం తేలిక. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామంతో పాటు కనీసం రెండు రోజులు కండరాల బలానికి కేటాయించమన్నాయి. మనవాళ్ళు మొదటి సగం వింటారు, రెండో సగం వదిలేస్తారు.

దీన్ని కూడా ఒక సవాలుగా పెట్టుకోవచ్చు. మీ శరీరం బరువుకు సమానమైన బార్‌ను నేల మీంచి సరైన పద్ధతిలో ఎత్తడం, మోకాళ్ళు ఆనించకుండా ఇరవై పుషప్‌లు, నిమిషం పాటు కడ్డీకి వేలాడటం. ఏడాదిలో ఇవి అందుకోవచ్చు. వేళ మీ చేతిలో ఉంటుంది, రాత్రి తొమ్మిదికైనా చెయ్యవచ్చు, వానైనా ఎండైనా ఆగదు. అమెరికా కాల్స్ వాళ్ళకు ఇదే నా సలహా. నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకు, ఎముకల కోసం, ఏ సవాలు ఎంచుకున్నా ఇది కలపమని బతిమాలతాను.

జిమ్ ఎంచుకునేటప్పుడు ఇంపోర్టెడ్ మెషీన్లు కాదు, ట్రైనర్ మొదటి రోజు ఏం అడిగాడో చూడండి. మందులు, పాత గాయాలు, నడుము నొప్పి గురించి అడగకుండానే వంద గుంజీలు తీయించే చోట చేరకండి. అలవాటు లేని ఒంటితో అతిగా చేయిస్తే కండరం దెబ్బతిని కిడ్నీల మీద పడుతుంది. మర్నాడు మూత్రం డికాక్షన్ రంగులో వస్తే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్ళండి. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు ఊపిరి బిగబట్టి పెద్ద బరువులు ఎత్తకూడదు. కంటి డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి.

తిండి ఇక్కడ మారాలి. మన భోజనంలో అన్నం కుప్ప, పప్పు గరిటెడు. డెబ్బై కిలోల మనిషి సాధన చేస్తుంటే రోజుకు 80 గ్రాములకు పైగా ప్రోటీన్ కావాలి. గుడ్డుకు 6 గ్రాములు, కప్పు ఉడికిన పప్పుకు 8 దాకా. పొద్దున ఇడ్లీ బదులు పెసరట్టు, రెండు గుడ్లు, మధ్యాహ్నం పప్పు రెండింతలు, పెరుగు, రాత్రి చికెన్, చేప లేదా పనీర్. ఇలా పంచుకుంటే పౌడర్ డబ్బా లేకుండానే గట్టెక్కవచ్చు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం అడగకుండా ప్రోటీన్ పెంచకండి.

ఈత గురించి క్లుప్తంగా: కీళ్ళకు ఇంతకన్నా మంచిది లేదు. మోకాళ్ళు బాగా అరిగినవాళ్ళు ఇంకేమీ ఆలోచించకుండా ఇదే ఎంచుకోవచ్చు, పెద్దయ్యాక కూడా నేర్చుకోవచ్చు. ఏడాది పొడవునా తెరిచి ఉండే పూల్ ఇంటికి దగ్గర్లో ఉందా అన్నదే ప్రశ్న. బాడ్మింటన్ సరదాకే కానీ సవాలుకు కాదు. ఉన్నపళంగా ముందుకు దూకడం, ఆగడం, వెనక్కి తిరగడం, అకిలిస్ తెగే సందర్భాలు ఇవే. ఆడేవాళ్ళు కోర్టులోకి దిగేముందు పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించుకోండి.

## మీరెవరైతే ఏది

షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు: తిరుమల మెట్లు లేదా సైకిల్, తోడుగా బరువులు. గ్లిమిపెరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడుతుంటే పొడవాటి సాధనలో షుగర్ పడిపోవచ్చు. జేబులో గ్లూకోజ్ పొట్లం, పక్కన విషయం తెలిసిన మనిషి ఉండాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు ఈ భయం బాగా తక్కువ.

బీపీకి మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ వాడేవాళ్ళు: వాచీలో కనిపించే గుండె వేగాన్ని నమ్మకండి, ఆ మందు దాన్ని పెరగనివ్వదు. మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదే మీ కొలత.

బరువు తగ్గడమే అసలు లక్ష్యమైనవాళ్ళు: పరుగుతో మొదలుపెట్టకండి. తిండి మార్పు, నడక, బరువులు. నాలుగు నెలల తర్వాత 10 కిలోమీటర్ల గురించి చూద్దాం.

కాలేజీ రోజుల్లో ఆటగాళ్ళు: మీకే గాయాల ముప్పు ఎక్కువ. పాత వేగం గుర్తుంటుంది, స్నాయువులకు ఇప్పుడది లేదు. నిదానం నేర్పే సైకిలో ట్రెక్కో ఎంచుకోండి.

వారానికి మూడు గంటలకు మించి లేనివాళ్ళు: రెండు రోజులు బరువులు, ఒక రోజు మెట్లు. దీని మీద తిరుమల నడక నిశ్చింతగా చెయ్యగలరు. హాఫ్ మారథాన్‌కు పేరిచ్చుకోకండి.

## ఎప్పుడు మొదలుపెట్టాలి

వేసవి ట్రెక్, అంటే మే నెల ప్రయాణం అనుకుంటే జనవరిలో మెట్లెక్కడం మొదలవ్వాలి. మంచు చూడాలని డిసెంబర్‌లో వెళ్ళేవాళ్ళు ఆగస్టులో. బ్రెవేకు మన దగ్గర హాయైన కాలం నవంబర్ నుంచి ఫిబ్రవరి, కాబట్టి సైకిల్ జూన్‌లో కొనాలి, వానల్లో ట్రాక్ పైకప్పు ఎటూ ఉంది. 10 కిలోమీటర్ల పరుగుకు జులై నుంచి నవంబర్ దాకా సరిపోతుంది. ఆగస్టు హాఫ్ చెయ్యాల్సిందే అనుకునేవాళ్ళకు ఫిబ్రవరికల్లా గంటసేపు ఆగకుండా తేలిగ్గా పరుగెత్తే స్థితి ఉండాలి. ఉంటేనే ఏప్రిల్‌లో ప్లాన్ మొదలుపెట్టండి, లేకపోతే ఆ ఏడాది అదే ఈవెంట్‌లో 10 కిలోమీటర్లకు పేరివ్వండి. బరువులకు మాత్రం ఏ సీజనూ అక్కర్లేదు, డాక్టరు రిపోర్టులు చూసిన వారమే మొదలుపెట్టవచ్చు.